గోళీల మధ్య ఏముంది?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని కార్యదర్శి గారు కబురు చేశారు. డి.ఎ. బకాయిల గురించీ, సర్వీసు రోజుల జ్ఞాపకాల గురించీ రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక, నేను వేరే సంగతి రాస్తానన్నాను. “మీ ఇష్టమండీ, చదివేటట్టు మాత్రం ఉండాలి” అన్నారాయన.

నేను సైన్సు చదివినవాణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు కట్టి, నోట్లు రాసి, పదవీ విరమణ చేసిన గుమాస్తాను. మా ఆఫీసు భాషలో నమూనా అంటే ఖాళీలు పూరించవలసిన ఫారం. సైన్సులో నమూనా అంటే మరొకటని నాకు డెబ్బై దాటాక తెలిసింది. ఆ పాఠం నేర్పింది నా మనవరాలు.

ఏడో తరగతి చదువుతున్న ఆ పిల్ల ఒక సాయంత్రం “ఘన పదార్థంలో కణములు దగ్గర దగ్గరగా నుండును, ద్రవములో కొంచెం ఎడముగా నుండును, వాయువులో దూర దూరముగా నుండును” అని వల్లె వేస్తోంది. అర్థం కాకుండా వల్లె వేయడం దేనికని, నేను ఒక కంచంలో గోళీలు పోసి చూపించాను. నిండా సర్దితే ఘనం, కాస్త వదులుగా కదిలితే ద్రవం, నాలుగైదు మాత్రమే ఉంచి ఊపితే వాయువు. పిల్ల సంబరపడింది. తర్వాత అడిగింది: “తాతయ్యా, మరి ఈ గోళీల మధ్య ఏముంది?”

నేను తడుముకోకుండా “ఏముంటుందమ్మా, గాలి ఉంటుంది” అన్నాను.

ఆ మాటే పరీక్షలో రాసింది. టీచరుగారు ఎర్ర సిరాతో కొట్టేశారు. పేపరు తెచ్చి నా ముందు పెట్టి, “గాలి కూడా కణాలే కదా తాతయ్యా, మరి ఆ గాలి కణాల మధ్య ఏముంది?” అంది. నా దగ్గర జవాబు లేదు. పోయింది ఒక్క మార్కే గానీ, తాత చెప్పాడంటే నిజమేనన్న నమ్మకం కూడా దానితో కొంత పోయిందని నాకు అనిపించింది. ఆ నమ్మకం తిరిగి సంపాదించుకోవడానికి మూడు నెలలు మా ఊరి గ్రంథాలయంలోనూ, కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మిత్రుడి పుస్తకాలలోనూ గడిపాను. అక్కడ నాకు తెలిసిన చరిత్రే ఈ వ్యాసం.

ఎండపొడలో ధూళి

కనిపించని దాన్ని కనిపించే దానితో చెప్పడం ఈనాటి పద్ధతి కాదు. కణాదుడి పేరుతో ప్రసిద్ధమైన వైశేషిక దర్శనం పదార్థాలు పరమాణువులతో ఏర్పడ్డాయని చెప్పింది. ఆ శాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థులకు తరతరాలుగా మొదటి పాఠ్యపుస్తకం ‘తర్కసంగ్రహం’. దాన్ని రాసిన అన్నంభట్టు, 17వ శతాబ్దం నాటివాడు, మన తెలుగు పండితుడే. కిటికీ సందులోంచి పడే ఎండపొడలో ఎగిరే రేణువు కంటికి కనిపించేవాటిలో అతి చిన్నదని ఆ సంప్రదాయం చెబుతుంది. దానికి త్ర్యణుకమని పేరు. అందులో మూడు ద్వ్యణుకాలు, ఒక్కొక్క ద్వ్యణుకంలో రెండేసి పరమాణువులు. వెరసి 6 పరమాణువులని లెక్క.

క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో లుక్రీషియస్ అనే రోమన్ కవి కూడా పరమాణువుల కదలికను వివరించడానికి ఎండపొడలోని ధూళినే చూపించాడు. ఎక్కడి రోము, ఎక్కడి కాశీ! ఇద్దరికీ పాఠం చెప్పడానికి దొరికిన వస్తువు మాత్రం ఒక్కటే.

ఈ నమూనాలో నిజం ఉంది, పొరపాటూ ఉంది. నిశ్చలంగా కనిపించే గదిలోనూ ఎడతెగని కదలిక ఉందన్నది నిజం. కానీ మనకు కనిపించే ఆ రేణువు గాలి తెరలకు కొట్టుకుపోతోంది గానీ, పరమాణువులాగా తనంతట తాను పరుగెత్తడం లేదు. అందులో ఉన్నవి 6 కావు, లక్షల కోట్ల పరమాణువులు. ఈ చరిత్రలో ఇకముందు వచ్చే ప్రతి నమూనాదీ ఇదే తీరు.

డాల్టన్ గారి చెక్కగుళ్ళు

ఆధునిక కాలంలో పరమాణువులను విద్యార్థి చేతిలో పెట్టినవాడు ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన జాన్ డాల్టన్. 1766లో ఒక నేతగాని ఇంట పుట్టి, 12వ ఏటనే బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. 1808లో తన పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా వేశాడు. ఆ రోజుల్లోనే, 1810 ప్రాంతంలో, పీటర్ యూవర్ట్ అనే ఇంజనీరు మిత్రుడి చేత సుమారు అంగుళం వ్యాసం గల చెక్కగుళ్ళు చేయించాడు. వాటికి బెజ్జాలు పెట్టించి, పుల్లలు గుచ్చి ఒకదానికొకటి తగిలించి చూపించేవాడు. ఆ గుళ్ళలో కొన్ని నేటికీ ఇంగ్లండులో మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

అంతటి డాల్టన్ వాయువు గురించి ఏమనుకున్నాడో చదివినప్పుడు నాకు కొంత ఊరట కలిగింది. వాయువులో కణాలు పరుగెత్తుతాయని ఆయన అనుకోలేదు. ఒక్కో కణం చుట్టూ వేడి అనే పదార్థం మందమైన పొరలాగా ఉంటుందనీ, ఆ పొరలు ఒకదానికొకటి ఆనుకుని, రాశి పోసిన గుళ్ళలాగా పాత్రంతా నిండి ఉంటాయనీ అనుకున్నాడు. నా మనవరాలు ఆయన్ని అడిగి ఉంటే “మధ్యలో వేడి ఉందమ్మా” అని చెప్పి ఉండేవాడు. అదీ తప్పే. నీటిలో ఒక హైడ్రోజనుకు ఒకటే ఆక్సిజన్ చొప్పున ఉంటాయని కూడా ఆయన భావించాడు. గుళ్ళు మంచివే. కానీ గుండు కదలకుండా కూర్చుంటుంది కనుక, కణమూ కదలకుండా కూర్చుంటుందనుకోవడం చాలా తేలిక.

1865లో హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసిస్తూ, క్రోకే ఆటలో వాడే బంతులకు రంగులు వేసి, కడ్డీలతో బిగించి అణువులను చూపించాడు. కార్బనుకు నలుపు, హైడ్రోజనుకు తెలుపు, ఆక్సిజనుకు ఎరుపు, నైట్రోజనుకు నీలం, క్లోరినుకు ఆకుపచ్చ. ఈనాడు మన పిల్లలకు దొరికే ప్లాస్టిక్ బంతుల పెట్టెలలోనూ ఇవే రంగులు. అయితే ఆయన అణువులన్నీ బల్ల మీద పరిచిన అప్పడాల్లాగా చదునుగా ఉండేవి. 1874లో వాన్ట్ హాఫ్ అనే యువకుడు, కార్బన్ చేతులు నాలుగూ నాలుగు మూలలకు చాచి ఉంటాయని చెప్పి, అట్టముక్కలతో బొమ్మలు చేసి తోటి శాస్త్రజ్ఞులకు పంపించాడు.

బొంబాయి నుంచి వెళ్ళిన ఒక కాగితం

వాయు కణాలు పరుగెత్తుతాయన్న ఊహ డాల్టన్ కంటె ముందే పుట్టింది. 1738లో డేనియల్ బెర్నూలీ తన పుస్తకంలో ఒక గొట్టం, దానిపై బరువు పెట్టిన మూత, లోపల అటూ ఇటూ పరుగెత్తి మూతను కొడుతున్న లెక్కలేనన్ని చిన్న కణాలు బొమ్మ గీసి చూపించాడు. ఆ దెబ్బల మొత్తమే వాయు పీడనమన్నాడు. నూరేళ్ళ పాటు దాన్ని పట్టించుకున్నవారు అరుదు.

తర్వాతి కథ మన గుమాస్తాలకు బాగా అర్థమవుతుంది. జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అనే స్కాట్లండు ఇంజనీరు 1839 నుంచి బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నౌకాదళ శిక్షణార్థులకు పాఠాలు చెప్పేవాడు. తీరిక వేళల్లో వాయువుల గురించి లెక్కలు వేశాడు. వాయు కణాలను ఎటుపడితే అటు దూసుకుపోయే బంతులుగా ఊహించాడు. ఒకదాన్నొకటి ఢీకొన్నా వాటి జోరు మొత్తం మీద తగ్గదు. వేడి అంటే ఆ జోరే. ఈ ఊహ మీద ఒక పెద్ద వ్యాసం రాసి 1845 చివర లండన్ రాయల్ సొసైటీకి పంపించాడు. పరిశీలించిన పెద్దలలో ఒకరు అది వట్టి అర్థంలేని వ్యవహారమనీ, సభలో చదవడానికి కూడా పనికిరాదనీ నోటు పెట్టారు. కాగితం అచ్చుకాలేదు, వెనక్కీ రాలేదు. రికార్డు రూములో పడి ఉంది.

1857 నుంచి జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్, ఆ తర్వాత బ్రిటన్‌లో మాక్స్‌వెల్ ఇదే దారిలో నడిచి, ఇదే సిద్ధాంతాన్ని నిలబెట్టి పేరు పొందారు. వాటర్‌స్టన్ 1883లో ఎడిన్‌బరోలో ఇంటి నుంచి నడకకు వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. 1891లో, అప్పటి రాయల్ సొసైటీ కార్యదర్శి లార్డ్ రాలీ, ఆయన మరో వ్యాసంలో దీని ప్రస్తావన చూసి, పాత కట్టలు వెతికించి ఆ కాగితాన్ని పట్టుకున్నాడు. 1892లో, రాసిన 47 ఏళ్ళకు, అది అచ్చయింది. మన ఆఫీసుల్లో అయితే దాని మీద ఎల్.డిస్. అని వేసి ఏనాడో కాల్చేసేవారు. ఎవరో పుణ్యాత్ముడు ఆర్.డిస్. చేసి దాచబట్టి ఆయన పేరు మిగిలింది.

కణాలు పరుగెత్తుతాయన్న మాటకు ఒక మంచి ఆక్షేపణ వచ్చింది. 1858లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త ఇలా అడిగాడు: కణాలు అంత వేగంగా పోతుంటే, గదిలో ఒక మూల నుంచి వాసన రెండో మూలకు చేరడానికి అంతసేపు ఎందుకు పడుతుంది? న్యాయమైన ప్రశ్న. మామూలు గాలిలో అణువుల వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు. ఆ లెక్కన వంటింట్లో ఇంగువ పోపు వేస్తే వాసన వీధి అరుగు మీదకు రెప్పపాటులో రావాలి.

క్లాసియస్ జవాబు చెప్పాడు: అణువు తిన్నగా పోదు, అడుగడుగునా ఇంకొకదాన్ని ఢీకొని దారి మార్చుకుంటుంది. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాడు ఎంత పరుగెత్తినా జనాన్ని తోసుకుంటూ రథం దగ్గరకు చేరడానికి గంట పట్టినట్టు. మీటరును కోటి భాగాలు చేస్తే, అందులో ఒక భాగం పోయేలోపే గాలి అణువుకు ఇంకో అణువు తగులుతుందని ఈనాటి లెక్క. వాసన అంతా ఒకేసారి రాకుండా మెల్లగా వ్యాపించడమే, కంటికి కనిపించని ఆ తోపులాటకు మన ముక్కు చెప్పే సాక్ష్యం.

చూసినవాడెవడు?

ఇంత జరిగినా, 19వ శతాబ్దం చివరి దాకా కొందరు పెద్ద శాస్త్రజ్ఞులు పరమాణువులు లెక్కల సౌకర్యం కోసం కల్పించుకున్నవే గానీ నిజంగా లేవని వాదించేవారు. ఆ వాదాలతో జీవితమంతా పోరాడిన లుడ్విగ్ బోల్ట్స్‌మన్ మానసికంగా కుంగిపోయి 1906లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన కుంగుబాటుకు ఇదొక్కటే కారణమని అనలేము. కానీ ఇంకో రెండేళ్ళు ఉంటే ఆయన గెలుపును ఆయనే చూసేవాడు.

ఆ గెలుపుకు మూలం నీటిలో తేలే పొడి. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పుప్పొడి లోపలి సన్నని రేణువులను నీటిలో వేసి మైక్రోస్కోపులో చూస్తే, అవి ఆగకుండా వణుకుతూ కనిపించాయి. అవి ప్రాణమున్నవేమోనని అనుమానం వచ్చి రాతిపొడిని కూడా పరీక్షించాడు. ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహపు ముక్క పొడి కూడా అలాగే వణికింది. 1905లో ఐన్‌స్టయిన్ దీనికి లెక్క కట్టాడు: చుట్టూ ఉన్న నీటి అణువులు అన్ని వైపుల నుంచీ కొడుతున్నాయి, ఒక క్షణం ఒక వైపు దెబ్బలు ఎక్కువైతే రేణువు అటు జరుగుతుంది. 1908లో పారిస్‌లో జాన్ పెరన్ పసుపురంగు చెట్టుబంకను నీటిలో అతి సన్నని సమానమైన గుళ్ళుగా చేసి, ఏ ఎత్తులో ఎన్ని ఉన్నాయో మైక్రోస్కోపులో లెక్కపెట్టాడు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడినట్టే ఆ గుళ్ళూ పలచబడ్డాయి. ఐన్‌స్టయిన్ లెక్క, పెరన్ కొలత సరిపోయాయి. అంతవరకు గట్టిగా వ్యతిరేకించిన ఓస్ట్‌వాల్డ్ కూడా పరమాణువులు ఉన్నాయని ఒప్పుకున్నాడు. పెరన్‌కు 1926లో నోబెల్ బహుమతి వచ్చింది.

పెరన్ బంక గుళ్ళు కూడా ఒక నమూనాయే. అయితే డాల్టన్ చెక్కగుండును మనం ఊపాలి. పెరన్ గుండును నీటి అణువులే స్వయంగా ఊపుతున్నాయి.

ఘనం: సందుచుక్కల ముగ్గు

ఇక ఘన పదార్థం సంగతి. ఇది మన ఆడవాళ్ళకు ఎప్పుడూ తెలుసని నా అభిప్రాయం. సంక్రాంతి నెలలో చుక్కలు పెట్టేటప్పుడు రెండు పద్ధతులు. చుక్క కింద చుక్క పెడితే సరిచుక్కలు. రెండు చుక్కల మధ్యలోకి కింది వరుస చుక్క వచ్చేట్టు పెడితే సందుచుక్కలు. 7 చుక్కలు పెట్టి 4 వరకు సందుచుక్క అంటే ఆరు మూలల ఆకారం వస్తుంది, మొత్తం 37 చుక్కలు. చుక్కకు బదులు గోళీ పెట్టి చూడండి. సరిచుక్కల్లో ఒక గోళీకి 4 గోళీలు తగులుతాయి. సందుచుక్కల్లో 6 తగులుతాయి, ఖాళీ తగ్గుతుంది.

1611లో కెప్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్త మంచుపలుకులకు ఆరు మూలలే ఎందుకుంటాయన్న ప్రశ్న మీద చిన్న పుస్తకం రాసి, తన పోషకుడికి కొత్త సంవత్సరం కానుకగా ఇచ్చాడు. అందులోనే ఫిరంగి గుండ్లు పేర్చే పద్ధతి గురించీ ఆలోచించాడు. బత్తాయిలు అమ్మేవాడు గోపురంలాగా పేర్చే పద్ధతిలో మొత్తం చోటులో సుమారు 74 శాతం పళ్ళు, మిగతా ఖాళీ. అంతకంటె ఒత్తుగా పేర్చడం ఎవరికీ సాధ్యం కాదని కెప్లర్ అన్నాడు. అది నిజమేనని 1998లో థామస్ హేల్స్ కంప్యూటర్ సాయంతో రుజువు చేశాడు. బత్తాయిల అతనికి అంత రుజువు అవసరం లేకపోయింది.

1940లలో కేంబ్రిడ్జిలో లారెన్స్ బ్రాగ్ లోహపు లోపలి అమరికను సబ్బు బుడగలతో చూపించాడు. ఈయన 25వ ఏట తండ్రితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నవాడు. సబ్బునీటి మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల సమానమైన బుడగలు వదిలితే అవి వాటంతట అవే దగ్గరకు చేరి సందుచుక్కల ముగ్గులాగా అమరుతాయి. 1947లో నై అనే విద్యార్థితో కలిసి దీన్ని ప్రకటించాడు. ఆ తెప్పను ఒక పక్క నుంచి నొక్కితే వరుసలు ఒక్కసారిగా జరగవు. ఒక ముడత పుట్టి, అది మాత్రం ఒక కొస నుంచి ఇంకో కొసకు జారిపోతుంది. పెద్ద జంపఖానాను లాగి జరపలేము. ఒక అంచున ముడత చేసి తోసుకుంటూ పోతే తేలికగా జరుగుతుంది. ఇనుప కడ్డీ విరగకుండా వంగడానికి కారణం ఇదే. ఇలాంటి ముడతలు ఉండి ఉండాలని 1934లో ముగ్గురు శాస్త్రజ్ఞులు విడివిడిగా ఊహించారు. బ్రాగ్ బుడగలలో అవి కళ్ళెదుట కదిలాయి. బుడగలను గట్టిగా కలియబెట్టి వదిలేస్తే మళ్ళీ మెల్లగా వరుసలు కట్టడం కూడా చూడవచ్చు, కరిగిన లోహం గడ్డకట్టినట్టు.

బుడగలలో లోటు ఏమిటంటే, వాటికి స్వయంగా వణుకు లేదు. నిజమైన ఘనంలో ప్రతి కణమూ తన చోట తాను వణుకుతూనే ఉంటుంది.

ద్రవం: పోసిన కుప్ప

మూడింటిలోనూ శాస్త్రజ్ఞులను ఎక్కువ ఏడిపించింది ద్రవం. ఘనంలాగా వరుస లేదు, వాయువులాగా దూరమూ లేదు. లండన్ బర్క్‌బెక్ కాలేజీలో జె.డి. బెర్నల్ 1950ల చివర దీనికి పూనుకున్నాడు. ఆయన చెప్పిన తేడా మనకు తెలుగులో చక్కగా ఇముడుతుంది: ఘనం పేర్చిన దొంతర, ద్రవం పోసిన కుప్ప.

ప్లాస్టిసిన్ ఉండలకు సుద్దపొడి అద్ది, ఒకచోట వేసి నొక్కి, విడదీసి, ఒక్కో ఉండకు ఎన్ని ముఖాలు పడ్డాయో లెక్కపెట్టాడు. సగటున 13కు పైగా వచ్చాయి, వాటిలో అయిదు అంచుల ముఖాలు ఎక్కువ. అయిదు మూలల ఆకారంతో వరుసలు కట్టడం కుదరదు. మీరు అయిదు మూలల పలకలతో గచ్చు పరచి చూడండి, సందులు వస్తాయి. ద్రవం ఎందుకు చెదిరి ఉంటుందో అక్కడ ఆనవాలు దొరికింది. ఇనుప బేరింగు గుళ్ళను పాత్రలో పోసి, నల్లరంగు పోసి వంచేసి, ఆరాక ఒక్కో గుండు ఎన్నింటిని తాకిందో మచ్చలు చూసి లెక్కించాడు.

బంతులూ కడ్డీలతో ఒక పెద్ద నమూనా కూడా కట్టాడు. అందులో ఏ వరుసా రాకూడదు. మనిషి చేయి తెలియకుండానే వరుస పెడుతుంది కదా? అందుకని దాన్ని తన ఆఫీసు గదిలోనే కట్టాడట. అయిదేసి నిమిషాలకు ఎవరో ఒకరు వచ్చి పని చెడగొట్టేవారు కనుక, అంతకు ముందు ఏం చేశాడో ఆయనకే గుర్తుండేది కాదు. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. ఆఫీసులో వచ్చిపోయేవారి తాకిడి సైన్సుకు ఉపకరించిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే!

గుళ్ళను ఊరికే పోస్తే చోటులో సుమారు 60 శాతం, పాత్రను తట్టి నింపితే సుమారు 64 శాతం నిండుతాయి. కుంచం తట్టి కొలవాలా వద్దా అని రైతుకూ షావుకారుకూ వచ్చే తగువు ఇదే. పేర్చిన దొంతరలో 74, తట్టిన కుప్పలో 64. అంటే అవే గుళ్ళకు కుప్పలో దాదాపు 15 శాతం ఎక్కువ చోటు కావాలి. గడ్డకట్టిన ఆర్గాన్ కరిగినప్పుడు దాదాపు అంతే పెరుగుతుంది.

బెర్నల్ కుప్ప కూడా కదలదు. దాన్ని కదిలించినవాడు మన హైదరాబాదులో 1927లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన అనీసుర్ రహమాన్. 1964లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో 864 ఆర్గాన్ పరమాణువులను కంప్యూటరు లెక్కల్లో నడిపించి, ద్రవంలో అవి ఒకదాన్నొకటి ఎలా తోసుకుంటూ జరుగుతాయో చూపించాడు. ప్రయోగశాల పేరూ వాయువు పేరూ మన పలుకుబడిలో ఒకేలా ఉండడం కాకతాళీయం. ఈనాడు మందుల తయారీలో కూడా వాడే ఒక గణన పద్ధతికి ఆయన ఆద్యుడు. అమెరికా భౌతికశాస్త్ర సంఘం ఆయన పేరున ఏటా బహుమతి ఇస్తోంది. ఇంతటి మనిషి మన ఊరివాడని మనలో ఎంతమందికి తెలుసు?

తరగతి గదిలో

1960లలో ఇంగ్లండులో నఫీల్డ్ సంస్థ సాయంతో వచ్చిన కొత్త భౌతికశాస్త్ర పాఠాలలో పళ్ళెంలో గోళీలు పోసి ఊపడం ఒక భాగం. మన దేశంలో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, అంటే ఇప్పటి నర్మదాపురంలో, 16 గ్రామీణ పాఠశాలలతో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. పిల్లలు చేసి చూసి నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసేదాకా ముప్పై ఏళ్ళు నడిచింది. ఇంజనీరు అరవింద్ గుప్తా 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడికి వెళ్ళి, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలతో ఆకారాలు కట్టే పద్ధతి కనిపెట్టాడు. మూడు పుల్లల ఆకారం గట్టిగా నిలుస్తుంది, నాలుగు పుల్లలది ఒరిగిపోతుంది. ఖర్చు పది పైసలు కూడా లేని నమూనా.

గోళీలు చెప్పలేనిది పుల్లలు చెబుతాయి. గోళీల లెక్కన ఘనం ఎప్పుడూ ద్రవం కంటె ఒత్తుగా ఉండాలి. మరి మంచుగడ్డ నీటి మీద ఎందుకు తేలుతుంది? మంచులో ఒక్కో నీటి అణువు నాలుగే అణువులను పట్టుకుని, మధ్యలో ఖాళీలతో పంజరంలాగా నిలుస్తుంది. నాలుగు పుల్లలు నాలుగు మూలలకు చాచిన కీళ్ళతో కడితే ఆ పంజరం కనిపిస్తుంది. కరిగితే పంజరం కూలి, నీరు తక్కువ చోటులో సర్దుకుంటుంది.

నా తప్పుకు తోడు కూడా దొరికింది. 1978లో ఇజ్రాయెల్‌లో నోవిక్, నస్‌బౌమ్ అనే ఇద్దరు పరిశోధకులు 13, 14 ఏళ్ళ పిల్లలకు ఒక గాజుబుడ్డి చూపి, దానిలోంచి కొంత గాలి తోడేసి, మిగిలిన గాలిని బొమ్మ గీయమన్నారు. చుక్కలు గీసిన పిల్లలను కూడా చుక్కల మధ్య ఏముందని అడిగితే గాలి అనో, దుమ్ము అనో, మరేదో అనో చెప్పినవారు ఎందరో. ఖాళీని ఒప్పుకోవడం మనిషి మనసుకు కష్టం. డాల్టన్‌కూ కష్టమైంది, నాకూ కష్టమైంది.

మళ్ళీ కంచం దగ్గరికి

ఇదంతా చదివాక మనవరాలిని కూర్చోబెట్టి, మళ్ళీ కంచంలో గోళీలు పోశాను. ఈసారి ముందుగా, “అమ్మా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. కణాల మధ్య గాలి లేదు. ఏమీ లేదు” అన్నాను. తర్వాత ఇద్దరం ఒక కాగితం మీద గీత గీసి, ఒక పక్క గోళీలు చెప్పే నిజాలు, ఇంకో పక్క గోళీలు చెప్పే అబద్ధాలు రాశాము.

నిజాలు: ఘనంలో వరుస, ద్రవంలో తాకుతూనే చెదరడం, వాయువులో దూరం. అబద్ధాలు: చేయి ఆపితే గోళీలు ఆగుతాయి, కణాలు ఎన్నటికీ ఆగవు. గోళీలు ఒకదాన్నొకటి లాగవు, కణాలు లాగుతాయి. గోళీల మధ్య గాలి ఉంది, కణాల మధ్య లేదు. గోళీ గట్టిగా, చల్లగా, రంగుతో ఉంటుంది. ఒక్క నీటి అణువు మాత్రం గట్టిదీ కాదు, తడిదీ కాదు. గట్టిదనమూ తడీ చాలా కణాలు కలిసినప్పుడే వస్తాయి.

పుస్తకంలోని మాటలో కూడా ఒక లోటు కనిపెట్టాము. ద్రవంలో కణాలు “ఎడముగా” ఏమీ ఉండవు, దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి. సూది లేని సిరంజి తెచ్చి, మూతి వేలితో మూసి నొక్కించాను. గాలి నింపితే లోపలికి పోయింది, నీళ్ళు నింపితే కదలలేదు. మరుగుతున్న నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే పొడవులో చూస్తే అణువుకూ అణువుకూ ఎడం సుమారు 12 రెట్లు. ఆ లెక్కన ఒకటిన్నర సెంటీమీటర్ల గోళీలు ఒక్కొక్కటి 18 సెంటీమీటర్ల ఎడంలో, దాదాపు జానెడు దూరంలో ఉండాలి. కంచం చాలక హాలంతా పరిచాము. మా ఆవిడ వాటి మీద కాలు వేసి జారబోయి, “ఈ వయసులో మీకిదేం ఆటండీ” అని కేకలేసింది.

గోళీలు ఏరుతూ పిల్ల అడిగింది: “ఏమీ లేకపోవడం అంటే ఎలా ఉంటుంది తాతయ్యా?”

“నాకు తెలియదమ్మా. గోళీలు అది చూపించలేవు. మీ టీచరుగారిని అడుగు, నాక్కూడా చెప్పు” అన్నాను.

ఆ జవాబుకు ఎవరూ ఎర్ర సిరా పెట్టలేరు. సోదర పింఛనుదారులకు నా మనవి ఒక్కటే. మనవలకు చదువు చెప్పే తీరిక మనకుంది, చెప్పండి. గోళీలు, చుక్కలు, బత్తాయిలు, కుంచం, ఏది దొరికితే దానితో చెప్పండి. కానీ ఆ వస్తువు ఎంతవరకు నిజం చెబుతుందో, ఎక్కడ ఆగుతుందో కూడా వెంటనే చెప్పండి. మనకు తెలియనిచోట తెలియదనండి. మన మాటను పిల్లలు తుచ తప్పకుండా నమ్మి పరీక్షలో రాసేస్తారని నేను అనుభవం మీద చెబుతున్నాను.

తప్పులుంటే విజ్ఞులు సరిదిద్దగలరు. సెలవు.